హాదర్

రాయచోటి ఏజెంటు నా ఫోటో పక్కన
ఏందో అరబ్బీలో గెలికినాడు.
చదివి చెప్పన్నా అంటే నవ్వినాడు:
"నోట్లో నాలిక లేని మనిషి అని రాసినాలే మేయ్,
ఆ ఒక్క ముక్కకే వీసా వస్తాది."

నాలిక ఉండాది.
విమానంలో నీళ్లడగడానికి
సరిగ్గా తిరగలేదు, అంతే.

జహ్రాలో మొదటి రాత్రి
వంటింటి వెనక గదిలో
నాకంటే ముందొచ్చిన ఖాదర్‌బీ
ఉల్లిగడ్డలు తరుగుతా పాఠం చెప్పింది.
"నీళ్లంటే మాయ్, బియ్యమంటే ఐష్,
అయ్యన్నీ మెల్లగా వస్తాయి.
ముందు ఒక్కటి నేర్చుకో:
హాదర్.
టీ తెమ్మంటే హాదర్.
తెచ్చిన టీ వెనక్కి తీసకపొమ్మంటే హాదర్.
తిట్టినా అదే. తిట్టు అయిపోయినాక
ఇంగొకసారి, కొంచెం మెత్తగా."

ఈ మాట నాకు తెలుసులే అనుకున్యా.
గాలివీడు బళ్లో
అయివారు పేరు పిలిస్తే
లేచి నిలబడి చెప్పేది ఇదే కదా,
కొంచెం గొంతు మారింది.
ఆజర్ సార్!
అప్పుడు దానికి అర్థం,
నేనొచ్చినా, చూడు, తల దువ్వుకోని వచ్చినా,
ఓబులమ్మ అనే పిల్ల ఒకతి ఉండాది,
గీటు పెట్టుకో అని.
చెనిక్కాయలు పెరికే కాలం వచ్చినాక
నా పేరు పక్కన సున్నాలు పడినాయి.
వరసగా సున్నాలు.
తర్వాత ఎర్రసిరాతో పేరే పోయింది.

ఇరవై ఏండ్లకు సముద్రం దాటొస్తే
అదే మాట, నాకంటే ముందొచ్చి కూచోనుండాది.
దాని కడుపులో మటుకు నేను లేను.
ట్రే ఉండాది, ట్రే పట్టుకున్న చేతులుండాయి,
దీవానియా గడప ముందర
మగోళ్ల చెప్పులు జతలు కలిపే నడుముండాది.
రోజుకు ఎన్నిసార్లంటానో
ఒక శుక్రవారం లెక్కబెట్టినా.
నూటపదిహేడు దాంక వచ్చి
గహ్వా పొంగిపోయి లెక్క తప్పింది.

పలకడం వస్తే దాంట్లోనూ రకాలుండాయి.
గబుక్కున అంటే, పని ఎప్పుడో అయిపోయిందని.
సాగదీసి అంటే, కాళ్లు నొస్తాండాయని.
రెండు నెల్ల జీతమడిగితే
రేపు అన్యారు, చూడు, దానికి నేననే హాదర్‌లో
దకారం దగ్గర చిన్న రాయి తగుల్తాది.
వాళ్లకు వినపడదు.
ఖాదర్‌బీకి వినపడి అటు తిరిగి నవ్వుతాది.

మొన్న చలికాలం
పెద్దామె, మామా ఔదా, నీళ్లగదిలో పడింది.
కుడి చెయ్యి పోయింది. మాటలు పోయినాయి.
కొడుకుల పేర్లు, దువాలు,
నన్ను తిట్టే ఆ నాలుగు తిట్లు, అన్నీ.
డాక్టరు కండ్లల్లోకి లైటేసి
మాట్లాడమంటే
నోట్లో ఒక్కటే మిగిలింది.
హాదర్.

మందు మింగమంటే హాదర్.
పెద్దకొడుకు ఏడిస్తే హాదర్.
ఫ్రిజ్జు గుర్రుమంటే దానికీ హాదర్.
కోడండ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్యారు.
నాకు నవ్వు రాలేదు.
ఈ ఇంట్లో అందరి చేతా అనిపించుకున్న మనిషి
ఏ వయసులో, ఎవురి ముందర నిలబడి
ఎన్ని వేలసార్లు అనిందో,
అన్ని మాటలూ కొట్టకపోయినా
ఎంత తోమినా పోని మాడు మాదిరి
ఇది అడుగున పట్టుకోనుండాది.

ఇప్పుడు ఆమెకు గంజి తాపేది నేను.
"నోరు తెరు మామా" అని తెలుగులోనే అంటా.
తెరుస్తాది.
నా మాట వినే మనిషి
నా బతుకులో ఈమే మొదలు.
ఒకసారి, చెడ్డదాన్ని,
ఏ అవసరం లేకుండా
నా చెయ్యి పైకెత్తి చూపించి "ఎత్తు" అన్యా.
మంచి చెయ్యి ఎత్తింది.
ఎత్తే ఉంచింది,
నేను పట్టుకోని దించేదాంక.
ఇది ఖాదర్‌బీకి కూడా చెప్పలేదు.

రాత్రి ఇసక గాలి కిటికీని గీకుతాంటే
చీకట్లో ఉలిక్కిపడి అంటాది:
హాదర్?
ఇదివరకు ఆ మాటకు చివర
అడిగే గొంతు లేదు.
నేను కింద పరుపు మీదినుంచి
మా ఊరి మాటలో చెప్తా:
ఉండా మామా.
ఉండా.
పండుకో.